రోళ్లపాడు వైపు పిట్టల కోసం వెళ్తే ఏ దారి పట్టాలి?

కర్నూలు నుంచి బైకుపై ఒక్కరోజులో వెళ్ళి రాగలిగే చోటు చెప్పమన్నారు, అక్కడ బట్టమేక పిట్ట (ఇంగ్లీషులో గ్రేట్ ఇండియన్ బస్టర్డ్) కనిపించాలన్నారు. రెండోదాని మీద ఆశ పెట్టుకోకండి. రోళ్లపాడు అభయారణ్యాన్ని 1988లో ఏర్పాటు చేసింది ఆ పిట్ట కోసమే. కానీ నేను ఐదారు శీతకాలాలు అక్కడ తిరిగాను, దాని ఈక కూడా కనబడలేదు. సాధారణంగా ఒక్కటే గుడ్డు, అదీ వట్టి నేల మీద పెట్టే పిట్ట అది. గడ్డి బీళ్ళు పొలాలైపోతే ఇక ఎక్కడ బతుకుతుంది?

అయినా నేను ఆ దారి మానలేదు. కారణం పిల్లిగద్దలు. ఇంగ్లీషులో హ్యారియర్లు అంటారు. మధ్య ఆసియా నుంచి చలికాలానికి వస్తాయి. నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్య, సాయంత్రం ఐదు గంటలకల్లా నందికొట్కూరు దాటి, మిడుతూరు వైపు పల్లెల మధ్య సాగే చిన్న రోడ్డు మీద బండి ఆపి కూర్చోండి. శనగ చేల మీదుగా, మనిషి ఎత్తున, రెక్కలు ఆడించీ ఆడించనట్టు ఒక్కొక్కటే వస్తాయి. మగది బూడిద రంగు, రెక్కల కొనలు నలుపు. ఆడది గోధుమ రంగు. మొదటిసారి మామూలు గద్దలనుకుని చెట్ల కొమ్మలు వెతుకుతుంటే ఒక గొర్రెల కాపరి నవ్వాడు: "అవి చెట్టెక్కవు సార్, గడ్డిలోనే పడుకుంటాయి." నిజమే, చీకటి పడేలోపు ఒక్కొక్కటీ గడ్డిలోకి దిగిపోయాయి. అప్పుడు గడ్డిలోకి నడిచి వాటిని లేపకండి. రోడ్డు మీద నుంచే చూడండి, చాలు.

ఉదయం వేరే కథ. ఎనిమిది దాటాక నీటి గుంటల దగ్గర ఇసుక కోళ్ళు (ఇంగ్లీషులో శాండ్‌గ్రౌస్‌లు) గుంపులుగా దిగుతాయి. పిల్లలున్న రోజుల్లో మగది పొట్ట ఈకలను నీళ్ళలో తడిపి, ఆ తడిని మోసుకెళ్ళి వాటికి తాగిస్తుంది. తీగల మీద పాలపిట్ట, పసుల పోలిగాడు ఎలాగూ ఉంటాయి. వాటి గురించి చెప్పనవసరం లేదు.

ఒక కిటుకు: పిట్ట కనబడగానే బ్రేకు వేయకండి. కాస్త ముందుకు పోయి, ఇంజను ఆపి, బండి మీదే కూర్చోండి. దిగి నిలబడ్డారా, ఎగిరిపోతుంది.

వాన పడ్డ మరునాడు తారు రోడ్డు దిగవద్దు. నల్లరేగడి చక్రానికీ మడ్‌గార్డుకూ మధ్య బిగుసుకుపోతే ఒకసారి రెండు గంటలు పుల్లతో గీకుతూ కూర్చున్నాను. ఆ పొలం రైతు బైనాక్యులర్ చూసి, "భూములు కొలవడానికి వచ్చావా?" అని గట్టిగానే అడిగాడు. కళ్ళకు పెట్టి చూపించాక, ఉడుత అంత కౌజు పిట్ట ఏ కంచె కింద ఉంటుందో ఆయనే చెప్పాడు.

అలగనూరు జలాశయంలో నీళ్ళున్నాయో లేదో బయలుదేరే ముందు ఎవరినైనా అడగండి. నీళ్ళున్న ఏడు తల మీద నల్ల పట్టీలుండే పట్టతల బాతులు (బార్ హెడెడ్ గూస్) కనబడవచ్చు, ఎండిన ఏడు అటు వెళ్ళి పెట్రోలు దండగ. ట్యాంకు మాత్రం నందికొట్కూరులోనే నింపుకోండి.