అన్నకు వేసిన సూదే వదినకూ ఎందుకు?

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. మా అన్న ఇరవై ఏళ్ల కిందట హెపటైటిస్ సి జబ్బుకు వారానికి మూడు చొప్పున ఇంటర్‌ఫెరాన్ సూదులు వేయించుకున్నాడు. సూది పడిన ప్రతి రాత్రీ చలిజ్వరం, ఒళ్లునొప్పులు వచ్చేవి. ఇప్పుడు మా వదినకు రక్తంలో ఎర్రకణాలు మితిమీరి పెరిగే పాలీసైథీమియా ఉందని కర్నూలులో తేల్చి, ఇంటర్‌ఫెరానే రాశారు. ఆమెకు వైరస్ ఏదీ లేదు. నర్సింగ్ చదువుతున్న మా అమ్మాయికి క్షయ కోసం చేసిన రక్తపరీక్షలో ‘ఇంటర్‌ఫెరాన్ గామా’ పాజిటివ్ అని వచ్చింది. వైరస్‌కూ, రక్తం జబ్బుకూ, క్షయకూ ఒకే మందు ఎట్లా సంబంధించింది?
ఒక పాఠకుడు, ఆదోని

జవాబు: చాలామంది అనుకుంటున్నట్లు ఇంటర్‌ఫెరాన్ వైరస్‌ను చంపే మందు కాదు, అది వైరస్‌ను తాకనైనా తాకదు. వైరస్ సోకిన కణం బయటికి వదిలే ప్రోటీన్ ఇది. పక్క కణాల పైపొర మీద ఉండే గ్రాహకానికి అతుక్కొని, లోపల వందలాది జన్యువులను పనిలోకి దించుతుంది. మారేది కణమే. 1957లో లండన్‌లోని మిల్ హిల్ పరిశోధన సంస్థలో అలిక్ ఐజాక్స్, జీన్ లిండెన్‌మాన్‌లు వేడితో నిర్వీర్యం చేసిన ఇన్‌ఫ్లూయెంజా వైరస్‌ను కోడిగుడ్డులోని పిండపు పొర ముక్కలతో కలిపి ఉంచినప్పుడు, ఆ ద్రవంలోకి చేరిన ఏదో పదార్థం తాజా పొర ముక్కల్లో సైతం వైరస్ పెరగకుండా అడ్డుపడింది. ‘అడ్డుపడేది’ అన్న అర్థంలోనే దానికి ఆ పేరు పెట్టారు.

అడ్డుపడే తీరు గమనించదగినది. వైరస్‌కు సొంతంగా ప్రోటీన్లు తయారుచేసుకునే యంత్రాంగం లేదు కనుక, అది మన కణం యంత్రాంగాన్నే వాడుకోవాలి. ఇంటర్‌ఫెరాన్ సంకేతం అందిన కణం పీకేఆర్ అనే ఎంజైమును, ఆర్‌ఎన్‌ఏను ముక్కలు చేసే మరో ఎంజైమును మేల్కొలిపే ఏర్పాటును ఎక్కువగా సిద్ధం చేసుకుంటుంది. ఇవి ఊరికే పనిచేయవు. వైరస్ వృద్ధి చెందేటప్పుడు కనిపించే జంటపోగుల ఆర్‌ఎన్‌ఏ ఎదురైనప్పుడే చురుకవుతాయి. అప్పుడు ఒకటి ప్రోటీన్ల తయారీని మొదట్లోనే నిలిపేస్తుంది, రెండోది వైరస్ ఆర్‌ఎన్‌ఏతో పాటు కణం సొంత ఆర్‌ఎన్‌ఏను కూడా తెగ్గొడుతుంది. వైరస్‌కు కూడు దొరకకుండా చేయడానికి కణం తన పొయ్యి కూడా ఆర్పేసుకుంటుందన్నమాట.

కణాల పెరుగుదలతో సంబంధం ఇక్కడే మొదలవుతుంది. ఇంటర్‌ఫెరాన్ మేల్కొలిపే జన్యువుల్లో కణవిభజనకు కళ్లెం వేసేవి కూడా ఉన్నాయి; వాటివల్ల కణం డీఎన్‌ఏను రెట్టింపు చేసుకునే దశకు ముందే ఆగిపోతుంది, కొన్ని కణాలు తమంతట తామే నశిస్తాయి. అయితే వైరస్‌ను నిలువరించడానికి చాలా కొద్ది మోతాదు చాలు. పెరుగుదలను ఆపడానికి మాత్రం ఎక్కువ మోతాదు, ఎక్కువ కాలం, గ్రాహకానికి గట్టి పట్టు కావాలి. ఇంటర్‌ఫెరాన్లు మూడు రకాలు. ఆల్ఫా, బీటా రెండూ మొదటి రకానికి చెందినవే, రెండింటికీ గ్రాహకం ఒకటే. కానీ బీటా ఆ గ్రాహకాన్ని చాలా గట్టిగా పట్టుకుంటుంది కనుక పెరుగుదలను ఆపడంలో దానిది పైచేయి. అయినా రక్తం జబ్బుల చికిత్సలో స్థిరపడింది ఆల్ఫానే. 1986లో అమెరికాలో దానికి మొదటి అనుమతి లభించింది కూడా ఒక రకం రక్తక్యాన్సర్‌కే. బీటాను మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే నరాల జబ్బులో వాడుతున్నారు.

(ఈ మొదటి రకంలోనే ‘టౌ’ అనేది ఒకటుంది. మన సీమలో మందలు మేపే పాఠకులకు నచ్చే సంగతి: గొర్రె కడుపులో పడిన పిండం ఈ ఇంటర్‌ఫెరాన్‌ను వదిలి, తాను ఉన్నానని తల్లికి తెలియజేస్తుంది. అది అందకపోతే గొర్రె మళ్లీ ఎదకు వస్తుంది. మనుషుల్లో ఇది లేదు.)

2003లో వెలుగుచూసిన మూడో రకం, లాంబ్డా, ముఖ్యంగా ఊపిరితిత్తులు, పేగులు, కాలేయం వంటి చోట్ల ఉండే ఉపరితల కణాలకే వినిపిస్తుంది.

రెండో రకంలో గామా ఒక్కటే ఉంది. దీన్ని సోకిన కణం కాక, టీ కణాల వంటి రక్షక కణాలు విడుదల చేస్తాయి. వైరస్‌ను నేరుగా అడ్డుకోవడంలో ఇది ఆల్ఫా అంత గట్టిది కాదు. క్షయ బాక్టీరియా వంటివాటిని మింగిన మాక్రోఫేజ్ కణాలకు వాటిని చంపే శక్తినివ్వడం దీని అసలు పని. మీ అమ్మాయికి ఎవరూ ఇంటర్‌ఫెరాన్ ఎక్కించలేదు. ఆమె రక్తాన్ని క్షయ బాక్టీరియా ప్రోటీన్లతో కలిపినప్పుడు, ఆమె టీ కణాలు వాటిని గుర్తుపట్టి గామాను విడుదల చేశాయి. చిన్నప్పటి బీసీజీ టీకా వల్ల ఈ ఫలితం రాదు. క్షయ బాక్టీరియా ఎప్పుడో లోపలికి చేరిందని దీని అర్థమే గాని, జబ్బు ఉందని కాదు. ఛాతీ ఎక్స్‌రే తీయించి, దగ్గు, జ్వరం, బరువు తగ్గడం వంటివి ఉన్నాయేమో వైద్యులతో పరీక్ష చేయించండి.

మీ అన్నకు వచ్చిన చలిజ్వరానికి కారణం మందు కల్తీ కాదు, ఇంటర్‌ఫెరానే. మామూలు వైరల్ జ్వరంలో ఒళ్లు పులిసిపోవడానికీ మన కణాలు వదిలే ఇటువంటి సంకేతాలే పెద్ద కారణం. హెపటైటిస్ సికి ఇప్పుడు ఆ బాధ లేదు. వైరస్‌నే నేరుగా దెబ్బతీసే మాత్రలు వచ్చాయి, 2018 నుంచి జాతీయ కార్యక్రమం కింద వాటిని ఉచితంగా ఇస్తున్నారు.

మీ వదిన గారి విషయంలో, మూలుగలో అదుపు తప్పిన కణాల వంశాన్ని నెమ్మదిగా అణచడానికి ఈ సూది ఇచ్చారు. ఫలితానికి నెలలు, ఒక్కోసారి ఏళ్లు పడుతుంది, మధ్యలో మానుకోవద్దు. పెరుగుదలను ఆపే మందు మంచి కణాలను పూర్తిగా వదిలిపెట్టదు కనుక తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు తగ్గుతాయి. రక్తపరీక్షలు, కాలేయ, థైరాయిడ్ పరీక్షలు తప్పవు. ఆమె ఉన్నట్టుండి మాటలు తగ్గించినా, నిద్రపోకపోయినా, దేనిమీదా ఆసక్తి లేదన్నా ఇంటి చాకిరీ వల్ల అని సరిపెట్టుకోకుండా వెంటనే వైద్యులకు చెప్పండి. మనసు కుంగిపోవడం ఈ మందుతో వచ్చే సమస్యే. సూది రాత్రి పడుకునే ముందు వేయించి, వైద్యులు చెప్పిన మేరకు పారాసిటమాల్ ఇస్తే జ్వరం బాధ తగ్గుతుంది. మందును 2 నుంచి 8 డిగ్రీల మధ్యే ఉంచాలి, గడ్డకట్టనివ్వకూడదు. కర్నూలులో కొని ఎండాకాలం బస్సులో ఆదోనికి తెచ్చేటప్పుడు ఐస్‌ప్యాకులున్న డబ్బాలో, మంచు నేరుగా తగలకుండా గుడ్డ చుట్టి తెచ్చుకోండి.