తాడ్వాయిలో దిగండి, బిడ్డా

బిడ్డా స్రవంతీ,

నువ్వూ నీ ఆఫీసు దోస్తులూ ఆగస్టులో మన ములుగు వైపు వస్తున్నారని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. కారు నువ్వే నడుపుతావట! వినగానే మురిసిపోయాను. ఆ వెంటనే, హన్మకొండలో హోటల్ తీసుకుని, ఒక్క రోజులో బొగత జలపాతం చూసి రాత్రికి తిరిగి వస్తారని కూడా చెప్పింది. అప్పటినుంచి నాకు టెన్షన్‌గానే ఉంది. ఫోన్ చేస్తే సగం విని "సరే పెద్దమ్మా" అంటావు, అందుకే రాస్తున్నాను.

వేయి స్తంభాల గుడి, ఓరుగల్లు కోట చూడాలంటే హన్మకొండలో ఉండాల్సిందే. మీరు వచ్చేది అడవికి. హన్మకొండ నుంచి బొగతకు దాదాపు 140 కిలోమీటర్లు. పొద్దున ఉత్సాహంలో తెలియదు. సాయంత్రం తడి బట్టలతో, అలసిన కళ్ళతో, చీకట్లో అడవి గుండా అంతా వెనక్కి రావాలి.

మీ బాపు చేసింది ఇదే. ముల్లకట్ట దగ్గర గోదావరి మీద వంతెన వచ్చిన కొత్త. నువ్వప్పుడు ఏడో తరగతి. దారిలో అడవి నడుమ ఉన్న తాడ్వాయిలో ఆగుదామని మీ పెద్దబాపు ఎంత చెప్పినా వినలేదు. "హన్మకొండలో ఏసీ రూముకు పైసలు కట్టిన, అడవిలో దోమలకు ఎందుకు బలైతం" అన్నాడు. బొగత దగ్గర మీరు నీళ్ళలోంచి బయటికి రారు. బయల్దేరేసరికే పొద్దు వాలింది. తాడ్వాయి దాటాక జలగలంచ వాగు దగ్గర బండ్లన్నీ ఆగి ఉన్నాయి. మా నెత్తిన చినుకు లేదు, పైన చుక్కలు కూడా కనబడుతున్నాయి. ఎక్కడో పైన పడ్డ వాన అప్పుడు కిందికి దిగుతోంది. మీ బాపు "మెల్లగ పోదాం" అని గేరు వేశాడు. ముందున్న లారీ డ్రైవర్ టార్చి పట్టుకుని వచ్చి బానెట్ మీద చరిచాడు. "సార్, ఇంజిన్ బంద్ చెయ్యుండ్రి. రోడ్డు ఉన్నదో కొట్టుకపోయిందో ఎవరికి ఎరుక?" అన్నాడు. వెనక్కి తిరుగుదామంటే వెనక బండ్ల బారు. నీ తమ్ముడికి ఒళ్ళు కాలిపోతోంది, మందు బిళ్ళ లేదు, ఫోన్‌లో సిగ్నల్ లేదు. నా కొంగు చివర తడిపి వాడి నుదుటి మీద వేస్తూ తెల్లారేదాకా కూర్చున్నాను. నువ్వు నా తొడ మీద తల పెట్టి హాయిగా పడుకున్నావు, నీకు గుర్తుండదు. మీ బాపు ఆ రాత్రి ఒక్క మాట మాట్లాడలేదు. ఇప్పటికీ ఆ మాటెత్తితే లేచి బయటికి పోతాడు. అడిగి బాధపెట్టకు.

2023 జులైలో మన ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 64 సెంటీమీటర్లు దాటి వాన పడింది. అదే వారం ముత్యంధార జలపాతం చూడబోయిన వాళ్ళు వాగు పొంగి అడవిలో చిక్కుకుపోయారు. నేను భయపెట్టడానికి చెప్పడం లేదు, ఈ నేల అలాంటిది. మోకాలి లోతు నీళ్ళు పారుతున్నా చాలు, కారును పక్కకు తోసేస్తాయి. రోడ్డు మీద నీళ్ళు పారుతుంటే ఆగు. ముందు బండి పోయిందని నువ్వు పోకు.

అందుకని తాడ్వాయిలో రెండు రాత్రులు ఉండండి. టూరిజం వాళ్ళ హరిత హోటల్ ఉంది, ఫారెస్టు వాళ్ళ హట్స్ ఉన్నాయి. గోవిందరావుపేటలో టీచరుగా ఉన్నప్పుడు నేను చాలాసార్లు చూశాను, చూడాల్సినవన్నీ ఆ ఒక్క హైవేని పట్టుకునే ఉంటాయి. ఈ వైపు రామప్ప గుడి, లక్నవరం చెరువు, ఆ వైపు బొగత, పక్కకు తిరిగితే మేడారం. తాడ్వాయి నడుమ పడుతుంది.

లక్నవరం దీవిలో కాటేజీ కావాలని నీ దోస్తు పట్టుబడుతోందట. ఫోటోలు చూసి ఉంటుంది. ఒక రాత్రికి బాగుంటుంది కానీ, రోజూ సామానుతో ఊగే వంతెన దాటి, చల్వాయి దాకా వచ్చి హైవే ఎక్కాలి. తిరిగి వచ్చేటప్పుడు పగలు చూడండి చాలు.

మొదటి రోజు జంగాలపల్లి దగ్గర తిరిగి రామప్ప చూడండి. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన గుడి, 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది. బయట చూరు కింద నల్లరాతి మదనికలు, అంటే ఆడవాళ్ళ శిల్పాలు, ఉంటాయి. అందులో ఒకామె ఎత్తు మడమల చెప్పులు వేసుకుని ఉంటుంది, వెతికి చూడు. గుడి దగ్గర ఎంతసేపైనా ఉండండి, చీకటి పడకముందే తాడ్వాయి చేరండి.

రెండో రోజు పొద్దున్నే బొగత. ప్రవాహం ఎక్కువుందని ఫారెస్టు వాళ్ళు ఆపితే బతిమాలకుండా తిరిగి రండి. నాలుగు దాటకముందే వెనక్కి బయల్దేరాలి. నీకు నీళ్ళంటే ఎంత ఇష్టమో నాకు తెలుసు తల్లీ, అందుకే టైము కూడా చెప్తున్నాను.

జ్వరం బిళ్ళలు, టార్చి, కొంచెం నగదు దగ్గర పెట్టుకో. ములుగులోనే పెట్రోలు నింపుకో.

తాడ్వాయిలో రూములు దొరికాయో లేదో ఆదివారం లోపు చెప్పు. దొరక్కపోతే ఏటూరునాగారంలో నాతో పనిచేసిన టీచరమ్మ ఇల్లుంది, నేను మాట్లాడతాను. మూడో రోజు లక్నవరం చూసుకుని రాత్రికి మా ఇంటికే రావాలి, నలుగురూ. నీ దోస్తుల్లో నీసు తినని వాళ్ళెవరో ముందే చెప్పు.

ప్రేమతో,
మీ పెద్దమ్మ