మోకాలిని వదిలి ముందు పాదాన్ని చూడండి

58 ఏళ్లు వచ్చాయి, సైకిల్ తొక్కితే మోకాళ్లు నొప్పి పుడుతున్నాయి, మానేయాలా అని అడిగారు. మానకండి. మోకాలు వాచినా, పట్టేసి కదలకపోయినా, రాత్రి పడుకున్నా పోటు తగ్గకపోయినా డాక్టరుకు చూపించండి. తొక్కినప్పుడు మాత్రమే నొప్పి వస్తుంటే పాదం పెడల్ మీద ఎలా ఆనుతోందో చూడాలి. మోకాలు తలుపు బందు లాంటిది. పైన తుంటి, కింద పాదం ఎటు తిప్పితే అటు తిరగాల్సిందే. నిమిషానికి 70 సార్లు తొక్కితే గంటకు 4,200 సార్లు. పాదంలో ఉన్న చిన్న వంకర అన్నిసార్లు మోకాలికి తగులుతుంది.

నాది గేర్ల సైకిల్. బూటు కింద క్లీట్ అనే చిన్న బిళ్ల ఉంటుంది, అది పెడల్‌లో బిగుసుకుంటుంది. అమ్మిన షాపువాళ్లు రెండు క్లీట్లనూ తిన్నగా బిగించి పంపేశారు. కళింగపట్నం సముద్రం దాకా వెళ్లి వస్తుంటే గార దగ్గర కుడి మోకాలి బయటి పక్క సూదితో పొడిచినట్టయింది. రోడ్డు పక్కనే సైకిళ్లు బాగుచేసే పెద్దాయన కనిపిస్తే ఆగాను. ఆయన సైకిల్ ముట్టుకోలేదు. "అరుగు మీద కూర్చుని కాళ్లు వేలాడదీయండి బాబూ" అన్నాడు. కూర్చున్నాను. ఎడమ పాదం తిన్నగా ఉంది, కుడి పాదం వేళ్లు బయటికి చూస్తున్నాయి. "మీ కాలు అటు పోతానంటోంది, మీ పెడల్ ఇటు లాగుతోంది. మధ్యలో మోకాలు ఏం చేస్తుంది చెప్పండి" అన్నాడు. నా సంచిలోని అలెన్ కీ (ఆరు పలకల మర తాళం) తీసుకుని కుడి క్లీట్ ముక్కును రవ్వంత లోపలికి తిప్పి బిగించాడు. పెడల్‌లో క్లీట్ తిన్నగానే నిలుస్తుంది కాబట్టి తిరిగేది బూటే: మడమ లోపలికి, వేళ్లు బయటికి వచ్చాయి. శ్రీకాకుళం చేరేదాకా ఆ పోటు మళ్లీ రాలేదు.

యాభై దాటిన ప్రతివాడికీ "అరిగిపోయింది, సైకిల్ ఆపేయండి" అని చెప్పి పంపేవాళ్లంటే నాకు కోపం. కాలు వేలాడదీయించి చూసినవాళ్లు ఎంతమంది?

మీదీ క్లీట్ల సైకిలే అయితే క్లీట్ల రంగు చూసుకోండి. షిమానో కంపెనీ ఎస్‌పీడీ-ఎస్‌ఎల్ రకంలో ఎరుపుది పాదాన్ని అటూ ఇటూ కదలనివ్వదు, నీలం 2 డిగ్రీలు, పసుపు 6 డిగ్రీలు కదలనిస్తుంది. మన వయసుకు పసుపే. ఎరుపు జోలికి పోవద్దు.

మామూలు పెడళ్లయితే బొటనవేలి మొదట్లోని ఉబ్బు ఇరుసు మీదికి గానీ, ఒక సెంటీమీటరు ముందుకు గానీ వచ్చేలా పాదం పెట్టండి. పాదం సగం బయటికి జారిపోయే సన్నటి ప్లాస్టిక్ పెడళ్లు తీసేసి వెడల్పువి వేయించండి.

సీటు సంగతి చెప్పకుండా ఉండలేను. అరసవల్లి రోడ్డులో పొద్దున్నే వెళ్లే పెద్దవాళ్లను చూడండి, ఎక్కువమంది సీటు బాగా కిందికి దించేసి ఉంటుంది. రెండు పాదాలూ నేలకు ఆనాలట! మోకాలి చిప్ప ముందు నొప్పికి ఇంతకంటే దగ్గరి దారి లేదు. సీటు మీద కూర్చుని, పెడల్ అడుక్కి వచ్చినప్పుడు దాని మీద మడమ పెడితే కాలు పూర్తిగా చాచుకోవాలి. అదే ఎత్తు. అప్పుడు పాదం ముందు భాగంతో తొక్కితే మోకాలు కొద్దిగా వంగే ఉంటుంది. మోకాలి వెనక లాగుతుంటే మాత్రం సీటు ఎక్కువైనట్టు, కాస్త దించండి.

అన్నీ ఒకే రోజు మార్చకండి, ఏది పనిచేసిందో తెలియదు. క్లీటైనా సీటైనా పాత చోటు చుట్టూ పెన్నుతో గీత గీసుకుని, రెండు మూడు మిల్లీమీటర్లు మాత్రమే జరిపి, కొన్నాళ్లు తొక్కి చూడండి. పెడళ్లు మార్చేటప్పుడు ఒక జాగ్రత్త: ఎడమ పెడల్ మర ఎదురు దిశలో ఉంటుంది, విప్పాలంటే గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పాలి. తెలియని కుర్రాడి చేతికిస్తే మర పోగొడతాడు, మీరు పక్కనే నిలబడండి.