దవడ కీలు బిగుసుకుపోయినప్పుడు నాకు ఉపయోగపడిన వ్యాయామం

నిద్ర లేవగానే దవడ పట్టేసినట్టు ఉంటోందనీ, నోరు పూర్తిగా తెరుచుకోవడం లేదనీ, వ్యాయామంతో ఇది తగ్గుతుందా అనీ మీరు అడిగారు. నాకు తగ్గింది. అయితే మొదటి రెండు వారాలు నా తప్పు వల్లనే నొప్పి పెరిగింది కాబట్టి, ముందు ఆ సంగతి చెబుతాను.

సాగదీస్తే వదులవుతుందనుకుని, అద్దం ముందు నిలబడి నోరు తెరవగలిగినంతా తెరిచి, కింది పళ్ల మీద వేళ్లు పెట్టి ఇంకా కిందికి నొక్కేదాన్ని. సాయంత్రానికి చెవి ముందు భాగమంతా సలిపేది. నోరు తెరిచేటప్పుడు చెవి ముందు కీలులో ఉండే కింది దవడ పై కొన మొదట ప్రధానంగా ఉన్నచోటనే తిరుగుతుందనీ, ఆ తర్వాత ముందుకు జారుతుందనీ, నొప్పిగా ఉన్న కీలును బలవంతంగా చివరిదాకా జార్చకూడదనీ ఫిజియోథెరపిస్టు వివరించాక గానీ నాకు అర్థం కాలేదు.

అప్పటినుంచి చేసినది ఇదే: పది నిమిషాలు గోరువెచ్చని తడిగుడ్డతో కాపడం పెట్టుకుని, నాలుక కొనను పై ముందుపళ్ల వెనక అంగిలికి ఆనించి, అది అక్కడినుంచి జారనంత మేరకే నోరు నెమ్మదిగా తెరిచి మూయడం. అద్దంలో చూస్తే నా గడ్డం ప్రతిసారీ ఎడమకు వంగుతూ వచ్చేది. అది నిటారుగా దిగేలా చూసుకోవడమే అసలు సాధన. తర్వాత గడ్డం కింద రెండు వేళ్లు ఆనించి, దవడ కదలకుండా, ఐదారు సెకన్లపాటు తేలికగా ఎదురొత్తిడి ఇచ్చేదాన్ని. ఒక్కో విడతకు 6 సార్లు, రోజుకు 6 విడతలు. ఒకేసారి గంటసేపు చేయడం కన్నా ఇలా కొద్దికొద్దిగా చేయడమే నాకు పనిచేసింది.

నమిలేటప్పుడు, మింగేటప్పుడు తప్ప పై పళ్లు, కింది పళ్లు తాకనక్కరలేదన్నది నాకు అంతవరకూ తెలియదు. చదువుతున్నప్పుడల్లా పళ్లు బిగబట్టి ఉంటున్నానని గమనించి, పెదవులు మూసి పళ్లు విడిగా ఉంచడం అలవాటు చేసుకున్నాను. మొదట్లో రెండు వేళ్లు కష్టంగా పట్టే నోట్లో ఆరు వారాలకు మూడు వేళ్లు నిలువుగా పట్టాయి. పెద్దవారిలో సాధారణంగా 40 మిల్లీమీటర్లు, అంతకు పైన తెరుచుకుంటుంది.

నొప్పి లేకుండా కలుక్కుమనే చప్పుడు మాత్రమే ఉంటే చికిత్స అక్కరలేదు. కానీ దవడ హఠాత్తుగా పట్టేసి తెరుచుకోకపోయినా, వాపుతో జ్వరం వచ్చినా, ముఖం తిమ్మిరెక్కినా, 50 ఏళ్లు దాటినవారికి నమిలితే నొప్పితోపాటు కొత్తగా కణతల నొప్పి గానీ చూపు మసకబారడం గానీ ఉన్నా, వ్యాయామం మొదలుపెట్టకుండా వెంటనే డాక్టరును కలవాలి. మీ బిగుతు పొద్దున్నే ఎక్కువగా ఉంటోంది కనుక, నిద్రలో పళ్లు కొరుకుతున్నారేమో దంతవైద్యుడికి ఒకసారి చూపించుకోండి.