వేలాడుతున్న కనెక్టర్ ఎవరిది?

ప్రశ్న: సెకండ్ హ్యాండ్‌లో కొన్న పాత పెట్రోల్ ఎంపీఎఫ్ఐ (కంప్యూటర్ లెక్కతో ఇంజెక్టర్లు పెట్రోలు చిమ్మే) కారు మాది. థర్మోస్టాట్ హౌసింగ్ (కూలెంట్ దారిని తెరిచి మూసే వాల్వు ఉండే గూడు) పక్కన రెండు వైర్ల కనెక్టర్ ఊరికే వేలాడుతోంది. పొద్దున్నే స్టార్ట్ కాదు, నల్ల పొగ. కూలెంట్ సెన్సర్ లేదేమో? – ఒక పాఠకుడు, మలక్‌పేట

జవాబు: అనుమానం సబబే. ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం ఎంత వేడిగా ఉందో ఈ సెన్సర్ చెబుతుంది. ఆ సిగ్నల్ తెగితే చాలా ఈసీయూలకు (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్లకు) ఇంజిన్ గడ్డకట్టినంత చల్లగా ఉన్నట్టు తోస్తుంది. పెట్రోలు ఎక్కువ పోస్తాయి. కొన్ని కార్లలో ఫ్యాన్ ఆగకుండా తిరుగుతుంది.

ఇంజిన్ ఆపి, కీ ఆన్ చేసి ఆ కనెక్టర్ రెండు పిన్నుల మధ్య మల్టీమీటర్ పెట్టండి. 5 వోల్టుల దరిదాపు చూపితే అది కూలెంట్ సెన్సర్‌దే కావచ్చు. ఇన్‌టేక్ గాలి సెన్సర్‌కూ అంతే వస్తుంది కాబట్టి, దాని కనెక్టర్ దాని చోటే ఉందో లేదో చూడండి. ఒంటి వైరు ఉంటే సాధారణంగా డ్యాష్‌బోర్డు గేజ్‌ది, మెకానిక్‌లు కూడా పొరబడేది ఇక్కడే! తర్వాత హౌసింగ్ మీద, సెన్సర్ ఉండాల్సిన చోట బోల్టుతో మూసేసిన రంధ్రం వెతకండి.

సెన్సర్ కొనడానికి సికింద్రాబాద్‌లోని విడిభాగాల బజారు రాణిగంజ్‌కు వెళ్లేటప్పుడు ఛాసిస్ నంబరు, కనెక్టర్ ఫోటో పట్టుకెళ్లండి. కొనేముందు మల్టీమీటర్‌తో సెన్సర్ పిన్నుల మధ్య ఓమ్‌లు (విద్యుత్ నిరోధం) చూడండి: 30 డిగ్రీల దగ్గర చాలా సెన్సర్లు 1,500–2,000 చూపుతాయి, 80 డిగ్రీల నీటిలో 300 దాకా దిగుతాయి. అంకె కదలకపోతే వద్దనండి.

ఇంజిన్ పూర్తిగా చల్లారాకే బోల్టు విప్పండి. కొత్త వాషర్ వేసి బిగించండి; బలం చూపిస్తే అల్యూమినియం మర పోతుంది. కారిన కూలెంట్ నింపి, గాలి బుడగలు తీసేయండి.