పాట ఎక్కడ తెగుతోంది? బ్లూటూత్ కష్టాల మీద మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో బ్లూటూత్ గోడే ఎక్కువ. జవాబుల్లోకి పోయే ముందు అందరికీ ఒక మాట. పాట ఆగిందంటే తప్పు ఫోన్‌లో ఉండాలి, లేదా స్పీకర్‌లో, లేదా ఆ రెంటి నడుమ గాలిలో. ఎక్కడుందో తేల్చుకోకుండా ఫోన్‌ను ఫ్యాక్టరీ రీసెట్ చేసి ఫొటోలన్నీ పోగొట్టుకున్నామని ఇద్దరు ముగ్గురు రాశారు, చదువుతుంటే మనసుకు కష్టమనిపించింది. దయచేసి అంత దూరం పోకండి. మీ స్పీకర్‌కు పక్కవాళ్ల ఫోన్ కలిపి చూడండి, మీ ఫోన్‌కు పక్కవాళ్ల స్పీకర్ కలిపి చూడండి. ఐదు నిమిషాల్లో దొంగ ఎవరో తెలిసిపోతుంది.

పోయిన బతుకమ్మకు మా వాడకట్టు ఆడవాళ్లమంతా తలా ఇంత వేసుకుని పెద్ద బ్లూటూత్ స్పీకర్ కొన్నాం. ఇంట్లో పెడితే ఫోన్ పట్టుకుని పక్క గదిలోకి పోయినా పాట ఆగదు. గుడి ముందర ఖాళీ జాగాలో ఆడటం మొదలుపెట్టామో లేదో పాట తెగి తెగి వస్తుంది. షాపతను స్పీకర్‌లో ఏ లోపమూ లేదంటున్నాడు. ఈసారి పండక్కైనా బాగుపడుతుందా?
– ఒక పాఠకురాలు, దేవరకొండ

బాగుపడుతుందక్కా, రూపాయి ఖర్చు లేకుండా. షాపతను చెప్పింది నిజమే, మీ ఫోన్ కూడా మంచిదే, పాట తెగుతున్నది నడుమ గాలిలో. బ్లూటూత్ 2.4 గిగాహెర్ట్జ్ తరంగాల మీద నడుస్తుంది. ఈ తరంగాలను నీళ్లు పీల్చేసుకుంటాయి, మన ఒంట్లో సగానికి పైగా ఉండేది నీళ్లే, అంటే మనిషి అడ్డం నిలబడితే సిగ్నల్‌కు పెద్ద అడ్డు. మరి ఇంట్లో ఎందుకు ఆగలేదంటారా? ఇంట్లో మనిషి అడ్డం వచ్చినా సిగ్నల్ గోడలకు, స్లాబుకు తగిలి వెనక్కి తిరిగి ఏదో ఒక దారిన స్పీకర్‌ను చేరుకుంటుంది. ఖాళీ జాగాలో తగలడానికి గోడా లేదు, స్లాబూ లేదు. నేరుగా పోయే దారి ఒక్కటే ఉంది, ఆ దారికి అడ్డంగా మీరంతా ఉన్నారు.

మా ఊళ్లో నేను కళ్లారా చూసింది చెప్తాను. స్పీకర్ బతుకమ్మల పక్కనే కింద నేల మీద ఉంది. ఫోన్ మాత్రం బయట గద్దె మీద కూర్చున్న ఒకావిడ ఒళ్లో, చీర కొంగు కింద ఉంది. నడుమ రెండు వరుసల్లో ఆడవాళ్లు తిరుగుతున్నారు. చప్పట్ల కోసం అందరూ ఒక్కసారి లోపలికి వంగినప్పుడు పాట గుటుక్కున మింగేసినట్టు ఆగేది, నడుం ఎత్తగానే మళ్లీ వచ్చేది. ఫోన్ తెచ్చి స్పీకర్ పక్కన పెట్టాం, అంతే, ఆ రాత్రి మళ్లీ ఆగలేదు.

కాబట్టి ఫోన్ ఎవరి చేతిలోనూ వద్దు, స్పీకర్‌కు మూరెడు దూరంలో ఉండాలి. స్పీకర్‌ను కూడా నేల మీద కాకుండా ఎత్తుగా స్టూల్ మీదో, ట్రాక్టర్ ట్రాలీ మీదో పెడితే సిగ్నల్‌కూ మంచిదే, పాట కూడా వెనక వరుస దాకా వినిపిస్తుంది. నడుమ కాల్ వచ్చి పాట ఆగకుండా ఫోన్‌ను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, తర్వాత బ్లూటూత్ ఒక్కటే ఆన్ చేయండి. అయితే పాటలు ముందే ఫోన్‌లోకి దింపుకుని ఉండాలి. నెట్ మీద పాట పెడితే జనం గుమిగూడిన చోట డేటా సన్నబడి కూడా ఆగుతుంది, మనం ఆ తిట్లన్నీ బ్లూటూత్‌కు పెడతాం. ఈ రెంటికీ తేడా తెలుసుకోవడం తేలిక. పాట ఆగిన క్షణంలో ఫోన్ స్క్రీన్ చూడండి. చుక్క గుండ్రంగా తిరుగుతూ పాట సెకన్లు ఆగిపోయి ఉంటే తప్పు నెట్‌ది. సెకన్లు కదులుతూనే ఉన్నా స్పీకర్‌లో చప్పుడు లేకపోతే తప్పు బ్లూటూత్‌ది.

ఇంకొకటి, పెద్ద స్పీకర్ అన్నారు కదా, వెనకవైపు పెన్‌డ్రైవ్ పెట్టే చోటుందేమో చూడండి. ఉంటే తొమ్మిది రోజుల పాటలూ దాంట్లో వేసి పెట్టేయండి. అప్పుడు బ్లూటూత్ గొడవే ఉండదు, ఆడుకునే పిల్లలెవరో తమ ఫోన్ కలిపేసి ఇంకేదో పాట మోగించే బెడదా ఉండదు.

టాక్సీ నడుపుతాను. కొత్త ఫోన్ తీసుకున్నప్పటి నుంచి కారు సెట్‌లో కాల్స్ బాగానే వినిపిస్తున్నాయి. పాట పెడితే మాత్రం ఫోన్‌లోంచే మోగుతుంది. పాత ఫోన్‌తో ఈ బాధ లేదు.
– ఒక పాఠకుడు, జడ్చర్ల

బ్లూటూత్‌లో కాల్స్‌కు ఒక దారి, పాటలకు ఇంకో దారి, రెండూ వేర్వేరుగా కలుస్తాయి అన్నా. మీకు ఒకటి కలిసింది, ఇంకొకటి కలవలేదు. ఫోన్‌లో బ్లూటూత్ సెట్టింగ్స్‌లోకి పోయి మీ కారు పేరు పక్కనున్న పళ్లచక్రం గుర్తు నొక్కండి. 'ఫోన్ కాల్స్', 'మీడియా ఆడియో' అని రెండు మీటలు కనిపిస్తాయి. రెండోది ఆఫ్‌లో ఉంటే ఆన్ చేయండి, చాలాసార్లు పని అక్కడితో అయిపోతుంది. ఆన్‌లోనే ఉన్నా పాట రాకపోతే సెట్ మీద సోర్స్ రేడియోకో, పెన్‌డ్రైవ్‌కో ఉందేమో చూసి బ్లూటూత్‌కు మార్చండి.

అప్పటికీ కాకపోతే జత విడదీసి కొత్తగా కలపాలి. ఇక్కడ దాదాపు అందరూ చేసే పొరపాటు ఒకటుంది, ఫోన్‌లో మాత్రమే కారు పేరు తీసేస్తారు. కారు సెట్‌లో మీ ఫోన్ పేరు అలాగే ఉంటుంది, పాత లెక్కలు పెట్టుకుని మళ్లీ అదే తంతు. రెండు వైపులా తీసేయండి. పైగా కారు సెట్లు కొన్ని ఫోన్లనే గుర్తుపెట్టుకుంటాయి. టాక్సీ అంటున్నారు, ఎక్కినవాళ్లెవరో వాళ్ల పాట కోసం కలిపిన ఫోన్లన్నీ ఆ జాబితాలో పేరుకుపోయి ఉండొచ్చు, వాటినీ తుడిచేయండి. ఇదంతా బండి పక్కకు ఆపుకునే చేయండి, బెంగళూరు హైవే మీద నడుపుతూ మాత్రం వద్దు.

ఆన్‌లైన్ క్లాసులో సార్ మాటలు ఇయర్‌బడ్స్‌లో బాగా వినిపిస్తాయి. నేను డౌట్ అడుగుదామని మైక్ ఆన్ చేయగానే సౌండ్ మొత్తం డబ్బాలోంచి వచ్చినట్టు మారిపోతుంది. ఇయర్‌బడ్స్ పాడయ్యాయా?
– డిగ్రీ విద్యార్థి, మహబూబ్‌నగర్

లేదు తమ్ముడూ, కొత్తవి కొనకు, వాటికీ ఇలాగే అవుతుంది. పై జవాబులో చెప్పిన రెండు దార్లే దీనికీ కారణం. పాటల దారిలో సౌండ్ ఒకవైపే పోతుంది కాబట్టి సెకనుకు 44,100 శాంపిళ్ల (అంటే సౌండ్‌ను అన్నిసార్లు కొలిచి పట్టిన ముక్కల) లెక్కన నిండుగా, రెండు చెవులకు వేర్వేరుగా వస్తుంది. ఇయర్‌బడ్స్ మైక్ తెరిచావంటే ఫోన్ వెంటనే కాల్స్ దారిలోకి మారిపోతుంది. అక్కడ పోయేదీ వచ్చేదీ రెండూ పట్టాలి కాబట్టి సెకనుకు 16,000, పాత వాటిలో 8,000 శాంపిళ్లే, రెండు చెవుల్లోనూ ఒకటే సౌండ్. మాటకు చాలు, పాటకు చాలదు.

దీనికి ఉపాయం, వినడానికి ఇయర్‌బడ్స్, మాట్లాడటానికి ఫోన్ మైక్. కొన్ని యాప్స్‌లో ఈ మార్పు చేసుకోవచ్చు. నువ్వు వాడే యాప్‌లో కుదరకపోతే క్లాసుకు వైరు ఇయర్‌ఫోన్స్ పెట్టుకో, చదువు దగ్గర అవే నమ్మకం. ఎల్ఈ ఆడియో అని బ్లూటూత్‌లోనే కొత్తగా వస్తున్న పద్ధతిలో మైక్ తెరిచినా సౌండ్ ఇంత పడిపోదు, కానీ అది ఫోన్‌లోనూ ఇయర్‌బడ్స్‌లోనూ రెంటిలో ఉంటేనే లెక్క.

మగ్గం మీద కూర్చున్నంతసేపు పాటలు వింటాను, అది లేకపోతే పొద్దుపోదు. నెల నుంచి ఇయర్‌బడ్స్‌లో ఎడమ చెవిది మోగడం లేదు. కుడిది బాగుంది.
– చేనేత కార్మికుడు, నారాయణపేట

మగ్గం దగ్గర అన్నారు కాబట్టి నా అనుమానం ముందు నూలు దుమ్ము మీదికే పోతోంది. ఎడమ బడ్‌ను వెలుతురులో పట్టుకుని చూడండి. అడుగున మెరిసే చిన్న చుక్కలుంటాయి, డబ్బీలోని సూదుల్లాంటి మొనలు వాటికి తగిలితేనే ఛార్జింగ్ ఎక్కుతుంది. చెమటా దుమ్మూ కలిసి ఆ చుక్కల మీద నల్లగానో, పచ్చగానో పొర కడుతుంది. అప్పుడు డబ్బీలో పెట్టినా అది రాత్రంతా ఆకలితోనే ఉంటుంది. పొడి గుడ్డతో చుక్కలను, చెవి దూదిపుల్లతో డబ్బీ లోపలి మొనలను తుడవండి, పట్టకపోతే కొంచెం స్పిరిట్ అద్ది తుడిచి బాగా ఆరనివ్వండి. చెవిలో పెట్టుకునే వైపు జాలీలో గులిమి నిండినా చప్పుడు రాదు, పాత మెత్తటి టూత్‌బ్రష్‌తో జాలీని కిందికి వంచి మెల్లగా దులపండి. పిన్నీసు మాత్రం పెట్టకండి, జాలీ చిరిగితే ఇక దానికి మందు లేదు.

శుభ్రం చేశాక రెంటినీ డబ్బీలో ఒక గంట ఉంచి చూడండి. ఎడమ బడ్ లైటు వెలుగుతోంది కానీ చప్పుడు లేదంటే ఫోన్ సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీలో ఎడమ–కుడి సౌండ్ గీత ఉంటుంది, అది పొరపాటున కుడి చివరకు జరిగి ఉండొచ్చు, నడిమికి తెండి. అదీ సరిగ్గానే ఉంటే వాటితో వచ్చిన కాగితంలో చెప్పినట్టు రీసెట్ చేసి కొత్తగా కలపండి. కొని ఏడాది కాలేదంటే బిల్లు వెతకండి, వారంటీ ఉండొచ్చు.

స్క్రీన్ ఆఫ్ అయిన కొద్దిసేపటికి పాట ఆగిపోతుంది. మళ్లీ ఫోన్ తెరిస్తే వస్తుంది.
– నాగర్‌కర్నూల్

ఇది బ్లూటూత్ తప్పు కాదు. బ్యాటరీ మిగల్చాలని ఫోనే ఆ యాప్‌ను నిద్రపుచ్చుతోంది. సెట్టింగ్స్, యాప్స్, మీ పాటల యాప్, బ్యాటరీ, అందులో 'అన్‌రిస్ట్రిక్టెడ్' పెట్టండి. బ్యాటరీ సేవర్ ఆన్‌లో ఉంటే అదీ తీసేయండి.

ఫోన్‌లో వాల్యూమ్ నిండా పెట్టినా ఇయర్‌ఫోన్స్‌లో సన్నగా వస్తుంది. బస్టాండ్‌లో అయితే అదీ తెగుతుంది.
– నల్లగొండ

రెండు వేర్వేరు బాధలివి. వాల్యూమ్ సంగతి: ఫోన్ వాల్యూమ్‌కూ ఇయర్‌ఫోన్స్ వాల్యూమ్‌కూ పొత్తు కుదరకపోతే ఇలా అవుతుంది. సెట్టింగ్స్‌లో 'బిల్డ్ నంబర్' మీద 7 సార్లు నొక్కితే డెవలపర్ ఆప్షన్స్ తెరుచుకుంటాయి. అందులో 'డిసేబుల్ అబ్సల్యూట్ వాల్యూమ్' ఆన్ చేసి ఫోన్ ఒకసారి రీస్టార్ట్ చేయండి. ఆ తర్వాత చెవిలో పెట్టుకునే ముందు వాల్యూమ్ తగ్గించుకోండి, ఒక్కసారిగా పెద్దగా రావచ్చు. అక్కడున్న మిగతా మీటల జోలికి మాత్రం పోవద్దు.

బస్టాండ్‌లో తెగడానికి కారణం జనం, పైగా జనం ఫోన్లలోని బ్లూటూత్, చుట్టూ ఉన్న వైఫై చాలావరకు అదే 2.4 గిగాహెర్ట్జ్ మీద నడుస్తాయి. ఫోన్‌ను వెనక జేబులో కాకుండా చొక్కా జేబులో పెట్టుకోండి. మీ ఇయర్‌ఫోన్స్ ఎల్‌డీఏసీ (పాటను ఎక్కువ క్వాలిటీతో పంపే పద్ధతి) రకమైతే ఆ క్వాలిటీని 990 నుంచి 330 కేబీపీఎస్‌కు (సెకనుకు పోయే డేటా లెక్క) దించండి, పాట కొంచెం పలచబడినా తెగడం తగ్గుతుంది.

హైదరాబాద్‌లో ఉద్యోగం నాకు. అమ్మకు ఫోన్ చేస్తే ఒక్కోసారి ఎత్తి "హలో హలో" అని పెట్టేస్తుంది. నా మాట వినపడదట. ఊరికి వచ్చి చూస్తే ఫోన్ బాగానే ఉంటుంది. రోజంతా టెన్షన్‌గా ఉంటోంది.
– ఒక పాఠకుడు, మిర్యాలగూడ

ఇంట్లో బ్లూటూత్ స్పీకర్‌గానీ, సౌండ్‌బార్‌గానీ ఉందా? ఎప్పుడో ఒకసారి అమ్మ ఫోన్‌తో దానికి పాటలు పెట్టి ఉంటారు. అప్పటి నుంచి అది ఆన్ అయినప్పుడల్లా ఆ ఫోన్ తనంతట తానే పోయి దాన్ని పట్టుకుంటోంది. అమ్మ వంటింట్లో ఫోన్ చెవి దగ్గర పెట్టుకుంటుంది, మీ గొంతు ముందు గదిలో స్పీకర్‌లోంచి ఎవరూ లేని చోట వినిపిస్తుంటుంది. స్పీకర్ ఆఫ్‌లో ఉన్న రోజు అంతా మామూలే, మీరు వచ్చిన రోజు బాగుండటానికి కారణం అదే అయి ఉంటుంది.

ఈసారి పోయినప్పుడు అమ్మ ఫోన్‌లో ఆ స్పీకర్ పేరు పక్కన పళ్లచక్రం నొక్కి 'ఫోన్ కాల్స్' మీట ఆఫ్ చేయండి, పాటలకు మాత్రం ఉంచండి. అప్పటిదాకా కాల్ వచ్చినప్పుడు తెర మీద బ్లూటూత్ లేదా స్పీకర్ గుర్తు ఉంటుంది, దాన్ని నొక్కి 'ఫోన్' ఎంచుకోమని చెప్పండి. మాటల్లో చెప్తే అమ్మకు గుర్తుండదు. మీరు పక్క గదిలోకి పోయి అక్కడి నుంచి కాల్ చేసి, అమ్మ వేలితోనే రెండు మూడు సార్లు నొక్కించండి.