మోయమోయ మీద పరిశోధన: అంత అరుదైన జబ్బును నమ్ముకోవచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి లైఫ్ సైన్సెస్ డిగ్రీ చివరి సంవత్సరంలో ఉంది. మోయమోయ అనే మెదడు జబ్బు మీద క్లినికల్ రీసెర్చ్‌లోకి వెళ్తానంటోంది. లక్షలో ఒకరికో ఇద్దరికో వచ్చే జబ్బును నమ్ముకుంటే భవిష్యత్తు ఉంటుందా? జీవితాంతం డాక్టర్ల కింద ఫైళ్లు మోయడమేనా? ఆరు నెలల సర్టిఫికెట్ కోర్సు చేయించి, జీనోమిక్స్ లేదా ఏఐ వైపు మళ్లించాలనుకుంటున్నాను. రెండు దారులూ పోల్చి చెప్పండి.

జవాబు: జబ్బుల పేర్లు మారుతుంటాయి గానీ తల్లిదండ్రుల నుంచి వచ్చే ఈ ప్రశ్న మారదు. జబ్బు అరుదైనదన్నది పైకి చెప్పే భయం. 'డాక్టర్ల కింద ఫైళ్లు మోయడం' అన్నారు చూడండి, అసలు బాధ అక్కడుంది. అమ్మాయి డాక్టర్ కాలేదన్న వెలితి మీకింకా తీరలేదు. ముందు దానికే జవాబు చెబుతాను.

మోయమోయలో మెదడుకు రక్తం తీసుకెళ్లే కెరోటిడ్ ధమనుల చివరి భాగమూ, అక్కడ చీలే కొమ్మల మొదళ్లూ క్రమంగా సన్నబడిపోతాయి. ఆ లోటు పూడ్చడానికి మెదడు అడుగున సన్నని, పెళుసైన నాళాల గుబురు పుట్టుకొస్తుంది. యాంజియోగ్రామ్‌లో అది పొగలా కనిపిస్తుంది. జపాన్ భాషలో మోయమోయ అంటే పొగలా మసకగా ఉండటం. అందుకే 1969లో జపాన్ వైద్యులు సుజుకి, తకాకు దానికి ఈ పేరు వాడారు. ఇరుకును ఆపే మందు ఇంతవరకు లేదు. బైపాస్ సర్జరీతో రక్తాన్ని వేరే దారిన అందించడమే ప్రధాన చికిత్స.

మెదడులో ఒకసారి రక్తస్రావమైన పెద్దవాళ్లకు ఆ సర్జరీ చేస్తే మళ్లీ కాకుండా ఉంటుందా? ఇది తేల్చడానికి జపాన్‌లో 'జామ్' ట్రయల్ జరిగింది. 22 ఆసుపత్రులు కలిసి 2001 నుంచి 2008 దాకా వెతికితే దొరికింది 80 మంది. 42 మందికి సర్జరీ చేశారు, 38 మందికి చేయలేదు. ఐదేళ్ల గమనింపులో మళ్లీ రక్తస్రావం వంటి తీవ్ర సమస్యలు సర్జరీ వైపు ఆరుగురికి, రెండోవైపు 13 మందికి వచ్చాయి. ఒక గణాంక పద్ధతిలో ఈ తేడా నిలబడింది, ఇంకో పద్ధతిలో ఇది యాదృచ్ఛికం కాదని గట్టిగా చెప్పడానికి కొద్దిలో చాలలేదు. వాళ్లలో ఒకరిద్దరు ఇల్లు మారి ఫాలో-అప్‌కు రాకుండా పోయి ఉంటే ఏమయ్యేదో ఆలోచించండి. రోగి ఫోన్ నంబరు మారిందని కనిపెట్టి, మళ్లీ పట్టుకుని, గడువులోపు స్కాన్ చేయించేది సర్జన్ కాదు, ట్రయల్ రోజువారీ పని చూసే కోఆర్డినేటర్. మీరు ఫైళ్లు మోయడం అంటున్నది ఈ పనినే. మీ అమ్మాయి ముందు ఆ మాట మళ్లీ అనకండి.

ఈ పనిలో నైపుణ్యం ఎక్కడుందో ఒక్క ఉదాహరణ చెబుతాను. ఈ జబ్బున్న పిల్లలు గట్టిగా ఏడ్చినప్పుడు ఊపిరి వేగం పెరిగి రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గుతుంది. దాంతో మెదడులో రక్తనాళాలు ముడుచుకుంటాయి. అసలే ఇరుకైన చోట రక్తం చాలక, కొన్ని నిమిషాల పాటు ఒక చెయ్యి పట్టు తప్పుతుంది, లేదా మాట తడబడుతుంది. తర్వాత మామూలైపోతుంది కాబట్టి ఇంట్లోవాళ్లు దాన్ని లెక్కలోకి తీసుకోరు. 'ఈ నెలలో ఏమైనా ఇబ్బంది వచ్చిందా' అని అడిగితే ఏమీ లేదంటారు. 'ఏడ్చాక చేతిలోంచి వస్తువు జారిందా' అని అడిగితే గుర్తొస్తుంది. మొదటి ప్రశ్నతో సరిపెట్టుకున్న ట్రయల్‌లో ఆ సంఘటన నమోదే కాదు. పెద్ద ట్రయల్ అలాంటి తప్పును కొంత తట్టుకుంటుంది. 80 మంది ట్రయల్ తట్టుకోలేదు.

స్కాన్ల సంగతీ అంతే. మొదటి రక్తప్రసరణ స్కాన్ ఒక మెషిన్ మీద, ఏడాది తర్వాతది వేరే మెషిన్ మీద, వేరే సెట్టింగుల్లో తీస్తే రెండింటినీ పోల్చడానికి ఉండదు. ఆ పొరపాటు స్కాన్ తీసిన రోజే పట్టుకోవాలి.

ఇక జీనోమిక్స్, ఏఐ. మీరు మళ్లించాలనుకుంటున్న ఈ దారి మీద నాకు గట్టి సందేహాలున్నాయి. మోయమోయతో ఆర్‌ఎన్‌ఎఫ్213 జన్యువుకున్న సంబంధం 2011లో బయటపడింది. తూర్పు ఆసియాలో ఒక ప్రత్యేక మార్పు ఈ రోగుల్లో చాలామందికి ఉంది. కానీ ఆ మార్పు ఉన్నవాళ్లలో అత్యధికులకు జీవితాంతం జబ్బు రాదు. ఎలుకల్లో ఆ జన్యువును తీసేసినా వాటికి దానంతట అది రావడం లేదు. జన్యువుకు తోడు ఇంకేదో కావాలి. అదేమిటో తేలాలంటే ఎవరికి, ఏ వయసులో, దేని తర్వాత లక్షణాలు మొదలయ్యాయో ఏళ్ల తరబడి జాగ్రత్తగా రాసిన రికార్డులుండాలి. ఏఐ పరిస్థితీ ఇలాంటిదే. రోగుల స్కాన్లన్నీ ఒక ఆసుపత్రివి, ఆరోగ్యవంతులవి ఇంకో చోటివి అయితే, మోడల్ జబ్బును కాక మెషిన్ల తేడాను గుర్తుపట్టడం నేర్చుకుంటుంది. సొంత డేటా మీద గొప్పగా పనిచేసి, కొత్త ఆసుపత్రి స్కాన్ ఇవ్వగానే చతికిలబడుతుంది. ఆ లోపం ఎక్కడుందో చెప్పగలిగేది డేటా పుట్టే చోట పనిచేసినవాళ్లే. కాబట్టి వరుస మార్చండి. రెండేళ్లు ట్రయల్ పని చేయనివ్వండి, పక్కనే గణాంకాలు, వాటికి వాడే 'ఆర్' అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకోమనండి. తర్వాత బయోస్టాటిస్టిక్స్‌కో ఎపిడెమియాలజీకో వెళ్లాలనుకుంటే తలుపు తెరిచే ఉంటుంది.

కష్టం లేదని చెప్పను. మొదటి ఉద్యోగాలు ఎక్కువగా కాంట్రాక్టు మీదే ఉంటాయి. నిధులు ఆగితే పోస్టూ ఆగుతుంది. పని మళ్లీ మళ్లీ అదే అనిపిస్తుంది. అయితే జబ్బు అరుదైనదని ఉద్యోగాలూ అరుదుగా ఉంటాయనుకోకండి. సమ్మతి పత్రం వివరించడం, పిల్లలైతే తల్లిదండ్రుల సమ్మతితో పాటు పిల్లల ఒప్పుకోలు తీసుకోవడం, తీవ్ర దుష్ప్రభావాన్ని సాధారణంగా 24 గంటల్లో స్పాన్సర్‌కు, అంటే ట్రయల్ బాధ్యత తీసుకున్న సంస్థకు తెలియజేయడం ఏ ట్రయల్‌లోనైనా చేయాల్సిందే. మోయమోయలో చెయ్యి తిరిగినవాళ్లు పక్షవాతం ట్రయల్స్‌లోకి సులువుగా వెళ్లగలరు. సికిల్ సెల్ అనే రక్తవ్యాధి ఉన్న పిల్లల్లోనూ ఇలాగే ధమనులు ఇరుకవుతాయి కాబట్టి ఆ పరిశోధనలోనూ ఈ అనుభవం పనికొస్తుంది.

ఆ ఆరు నెలల కోర్సుకు డబ్బు కట్టకండి. ట్రయల్ నడిపేవాళ్లు తప్పనిసరిగా అడిగే జీసీపీ (గుడ్ క్లినికల్ ప్రాక్టీస్, అంటే ట్రయల్ నడిపే నియమాలు) శిక్షణ ఆన్‌లైన్‌లో కొన్ని గంటల్లో అయిపోతుంది. ఉద్యోగం గ్యారంటీ అనేవాళ్లను ఏ ట్రయల్‌లో, ఏ పోస్టులో పెడతారో రాతపూర్వకంగా అడగండి.

అమ్మాయి ఇంటర్వ్యూకి వెళ్లినప్పుడు మూడు విషయాలు అడగాలి. ట్రయల్ నిధులు ఎప్పటిదాకా ఉన్నాయి, ఒక్కో కోఆర్డినేటర్‌కు ఎంతమంది రోగులు, రీసెర్చ్ పేపర్లలో కోఆర్డినేటర్ల పేరు వేస్తారా? మూడోదానికి నవ్వి ఊరుకునే చోట చేరవద్దనండి. ఈలోగా మీరొక పని చేయండి. జామ్ ట్రయల్ పేపర్ చదివి మీకు విడమరచి చెప్పమని అమ్మాయిని అడగండి. ఆ అరగంటా మధ్యలో ఏఐ మాట ఎత్తకుండా వినండి.